రాయని మూడో జాబితా



ఇనాం భూముల మీద రాసిన పోయిన భాగం చదివి కొందరు విద్యార్థులు ఒక ప్రశ్న పంపారు. “పంట నష్టం డబ్బు ఎవరెవరికి వచ్చిందో ఊళ్లో గోడకే అంటిస్తున్నారు కదా సార్. డబ్బు కూడా నేరుగా బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. మధ్యలో ఎవరూ తినే వీలు లేనప్పుడు ఇంకా పారదర్శకత లేదని ఎందుకంటారు?” అని.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఒక్క ముక్కలో చెబుతాను. గోడ మీది కాగితం ఎవరికి వచ్చిందో చెబుతుంది. ఎవరికి రాలేదో, ఎందుకు రాలేదో చెప్పదు. మన వాడల కథ చాలావరకు ఆ చెప్పని భాగంలోనే ఉంది. ఇది మొన్న మొన్న మొదలైన సంగతి కూడా కాదు. దాదాపు నూట యాభై ఏళ్ల నుంచి నడుస్తున్న పద్ధతి. ఆ చరిత్రను మన పశ్చిమ ప్రకాశం నేల మీద నుంచే చూద్దాం.

1. ఒకే కరువు, రెండు దస్త్రాలు

మన జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరిలో. అంతకు ముందు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇది పేర్ల తేడా మాత్రమే అనుకోవద్దు. బ్రిటిష్ కాలంలో పొదిలి, దర్శి ప్రాంతాలు వెంకటగిరి రాజాల జమీను. మార్కాపురం, కంభం వైపు రైత్వారీ. రైత్వారీలో పట్టాదారుకూ సర్కారుకూ నేరుగా లెక్క. ఏటేటా జమాబందిలో ఆ లెక్క చూసేవారు. పంట పోతే శిస్తు మాఫీ అడిగే దారి కనీసం కాగితం మీద ఉండేది. జమీనులో సర్కారుకు కావలసింది జమీందారు కట్టే పేష్కషు. కింద రైతు పంట పోయిందా, ఎంత పోయింది అన్నది రాజావారి దయకు వదిలేసిన విషయం.

అంటే వాన ఒకేలా ఎగ్గొట్టినా, మార్కాపురం రైతు ఒక దస్త్రంలో, పొదిలి రైతు ఇంకో దస్త్రంలో. రెండు దస్త్రాల్లోనూ లేనివాడు ఒకడున్నాడు. వాళ్ల పొలాల్లో పనిచేసే మాల, మాదిగ కూలీ. అతని పేరు సర్కారు కాగితంలో పెద్ద ఎత్తున మొదటిసారి కనిపించింది 1876లో మొదలైన కరువులో.

మన పెద్దలు కరువుకు సంవత్సరం పేరు పెడతారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చింది నందన కరువు. 1876-78లో వచ్చింది ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన రోగాలకూ చనిపోయారు. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలు పోల్చితే కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మార్కాపురం, కంభం ఆ జిల్లాలోవే అని మరిచిపోవద్దు. చచ్చినవారిలో భూమిలేని కూలీలు, చేతివృత్తులవారు ఎక్కువ.

సర్కారు కరువు పనులు పెట్టింది. రోడ్లు, చెరువులు, కాలువలు. బకింగ్‌హాం కాలువలో మద్రాసు దగ్గరి భాగం ఆ పనుల్లోనే తవ్వారు. అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. 1877 జనవరిలో వైస్రాయి తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించమని కూలీకి కోత పెట్టాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బు. అంతకు ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టాడని పైనుంచి తిట్లు తిన్న మనిషి, ఇక్కడ పొదుపు చేసి చూపించాడు. రాళ్లు కొట్టే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ వాదన తర్వాతే కూలీ కొంత పెరిగింది. ఈలోగా శరీరాలు లెక్క తేల్చేశాయి.

ఆ తర్వాత కరువు కమిషన్ వేశారు. 1880లో నివేదిక వచ్చింది. దాని మీద కరువు కోడ్‌లు పుట్టాయి. విద్యార్థులు గుర్తుపెట్టుకోవలసిన ముఖ్యమైన మలుపు ఇదే. కరువు సాయాన్ని ఆ కమిషన్ స్పష్టంగా విడదీసింది. ఒళ్లు వంచగలిగిన పేదకు పని ఇచ్చి కూలీ. ఒళ్లు సహకరించనివారికి ఊరికే తిండి. భూమి ఉన్నవాడికి శిస్తు వాయిదా, మాఫీ, అప్పు. ఆ అప్పుల కోసం 1883లో ఒకటి, 1884లో ఒకటి చట్టాలు తెచ్చారు. మన తాతలు తక్కావి అని పిలిచింది ఆ అప్పునే. తాకట్టు పెట్టుకోవడానికి భూమి ఉండాలి.

అలా రెండు జాబితాలు తయారయ్యాయి. ఒకటి కూలీ జాబితా, ఒకటి పట్టా జాబితా.

కూలీ జాబితాలో పేరు ఎక్కాలంటే పరీక్షలున్నాయి. ఇల్లు వదిలి దూరం నడవాలి. కొలత ప్రకారం పని చేయాలి. తక్కువ కూలీకి ఒప్పుకోవాలి. నిజంగా ఆకలిగా ఉంటేనే ఇన్ని కష్టాలకు ఓరుస్తాడని సర్కారు సిద్ధాంతం. పట్టా జాబితాలో పేరు ఎక్కాలంటే ఈ పరీక్షలేవీ లేవు. కరణం లెక్కలో భూమి తన పేరున ఉంటే చాలు. కూలీవాడిని అనుమానించి ఒళ్లు పరీక్షించారు. పట్టాదారుని కాగితం చూసి నమ్మారు.

ఈ రెంటి మధ్యా జారిపోయిన మనిషి ఎవరు? గుత్తకో, కోరుకో ఇంకొకరి చేను దున్నినవాడు. విత్తనం అతనిది, ఎద్దులు అతనివి, అప్పు అతనిది, పోయిన పంట అతనిది. మాఫీ మాత్రం పట్టా ఉన్నవాడిది. నిజానికి అతను రైతు. సర్కారు దృష్టిలో మాత్రం ఆకలైతే రాళ్లు కొట్టడానికి వెళ్లవలసిన కూలీ. అతని పేరుతో మూడో జాబితా ఎవరూ రాయలేదు.

2. గొలుసు ఒకరిది, కలం ఒకరిది

ఆ పట్టా జాబితా రాసింది కరణం. ఊరి లెక్కలన్నీ ఆయన దగ్గరే. అడంగల్ ఆయన రాస్తాడు, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఆయనే రాస్తాడు. ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుకుకి వచ్చేది. కరణాలందరూ చెడ్డవారని నేననడం లేదు. ఒక కుటుంబం చేతిలో తరతరాలుగా ఊరి భూమి లెక్క ఉండే ఏర్పాటులో, ఆ కుటుంబానికి ఎవరితో పొత్తు ఉంటుందో చెప్పనక్కరలేదు.

అదే వ్యవస్థలో అడుగున వెట్టి, తలారి ఉండేవారు. వెట్టి మన వాడ మనిషి. అధికారి వస్తే సామాను మోసింది అతను, దండోరా వేసింది అతను, సర్వే రాయి చూపించింది అతను, గొలుసు పట్టుకుని పొలం ఆ చివర నిలబడింది అతను. ఊరి ప్రతి గట్టూ అతని కాళ్లకు తెలుసు. ఏ చేను నిజంగా ఎవరు దున్నుతున్నారో ఊళ్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి అతనే. కానీ గొలుసు అతని చేతిలో, కలం కరణం చేతిలో. అతనికి తెలిసింది దస్త్రంలోకి ఎక్కే దారి లేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. అది పెద్ద మార్పే. అయితే కరణం పోయినా కరణం రాసిన లెక్క పోలేదు. తర్వాత వచ్చిన అధికారులందరూ దాని మీదే కొత్త లెక్క కట్టారు. ఇప్పుడు కంప్యూటర్లో కనిపించే వన్‌బీకి పునాది ఆ పాత దస్త్రాలే.

3. పట్టా మారింది, దున్నేవాడి పేరు ఎక్కలేదు

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలకు కొదవ లేదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీను గ్రామాలు రైత్వారీలోకి మారాయి. పొదిలి, దర్శి రైతుకు పట్టా వచ్చింది ఆ దారిలోనే. మరి పట్టా ఎవరి పేరున వచ్చింది? జమీను లెక్కల్లో అప్పటికే రైతుగా ఉన్నవాడి పేరున. అతని కింద దున్నుతున్నవాడి పేరున కాదు.

1956లో ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం వచ్చింది. దాని భయంతో ఆసాములు కాగితం మీద కౌలు రాయడం మానేశారు. కౌలు నోటిమాట అయిపోయింది. 1971లో పాసుబుక్కుల చట్టం వచ్చింది. కాగితంలో ఉన్న పేరు ఇంకా గట్టిపడింది. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. మనవాళ్లకు సర్కారు ఇచ్చిన డి-పట్టా భూములు చేతులు మారకూడదని దాని ఉద్దేశం. అయినా ఎన్ని భూములు అన్యుల చేతుల్లోకి పోయాయో 2006లో కోనేరు రంగారావు కమిటీ రాసి పెట్టింది. ఆ కమిటీకి అధ్యక్షుడు మన మనిషే, మంత్రిగా పనిచేసిన దళిత నాయకుడు.

దాంతో మన ఊళ్లలో రెండు రకాల చిక్కు వచ్చింది. ఒక చోట పట్టా ఆసామిది, సాగు మనది. ఇంకో చోట పట్టా మన తాత పేరున ఉంది, తాత పోయి ముప్పై ఏళ్లయినా వారసుల పేరుకు మారలేదు, సాగు ఇంకెవరిదో. రెండు చోట్లా కాగితానికీ దుక్కికీ పొంతన లేదు. పొగాకు బ్యారన్ల దగ్గర కూడా ఇదే తంతు. లైసెన్సు ఒకరి పేరున ఉంటుంది, రాత్రంతా మంట దగ్గర నిద్ర కాచేది ఇంకొకరు.

2015-16 వ్యవసాయ గణన చూడండి. దేశంలో సాగు కమతాల విస్తీర్ణంలో ఎస్సీల వాటా 9 శాతం లోపే. 2011 లెక్కల ప్రకారం జనాభాలో మన వాటా 16.6 శాతం. కాబట్టి భూమి ఉన్నవాడికే సాయం అన్న నియమంలో కులం మాట ఎక్కడా రాయనక్కరలేదు. ఆ పని భూమి దస్త్రం ముందే చేసి పెట్టింది. దీన్ని అంబేడ్కర్ 1947లోనే గుర్తించాడు. ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో, కమతాల ఏకీకరణ, కౌలు చట్టాలు భూమిలేని అంటరానివారిని గట్టెక్కించలేవని వాదించాడు. భూమి ప్రభుత్వపరం చేసి ఉమ్మడి సాగుకు ఇవ్వాలన్నాడు. ఆ ప్రతిపాదనతో ఏకీభవించినా, లేకపోయినా, రోగం ఎక్కడుందో ఆయన సరిగ్గా పట్టుకున్నాడు.

4. మస్టరు చదివిన వాడ

ఇప్పుడు మొదటి జాబితా దగ్గరకు, కూలీల జాబితా దగ్గరకు తిరిగి వద్దాం. ఎందుకంటే పారదర్శకత అనే మాటకు ఈ దేశంలో ప్రాణం పోసింది ఆ జాబితాలో ఉన్నవాళ్లే.

1983లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సంజిత్ రాయ్, రాజస్థాన్ ప్రభుత్వం మధ్య కేసు. అజ్మీరు దగ్గర కరువు పనిగా ఒక రోడ్డు వేయిస్తున్నారు. కూలీల్లో చాలామంది మహిళలు. కనీస వేతనం కూడా ముట్టడం లేదు. కరువు పనికి కార్మిక చట్టాలు వర్తించవని రాజస్థాన్ 1964లోనే ఒక చట్టం చేసుకుంది. అది చెల్లదంది కోర్టు. కరువులో ఉన్న మనిషి నిస్సహాయతను వాడుకుని కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందంది. 1877లో టెంపుల్ పెట్టిన కోతకు చట్టం ఇచ్చిన జవాబు అది. మధ్యలో నూరేళ్లు దాటిపోయాయి.

అదే రాజస్థాన్‌లో 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. కరువు పనుల్లో కూలీ తక్కువ ఎందుకొచ్చిందని అడిగితే, నువ్వు పని చేసినట్టు మస్టరులో లేదనేవారు. మస్టరు చూపించమంటే రహస్యమనేవారు. 1994 డిసెంబరు నుంచి వాళ్లు ఊళ్లో జనం ముందు మస్టర్లు, బిల్లులు చదవడం మొదలుపెట్టారు. చచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు, కట్టని గోడల బిల్లులు బయటపడ్డాయి. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఆ పోరాటం ఉంది. ఆ హక్కును మనకెవరో దానంగా ఇవ్వలేదు. కూలీలు తమ కూలీ లెక్క అడిగి తెచ్చుకున్నారు.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ప్రకాశం జిల్లాకు 2007లో రెండో విడతలో వచ్చింది. పనితోపాటే సామాజిక తనిఖీ వచ్చింది. దానికోసం 2009లో ఒక స్వతంత్ర సంస్థ కూడా ఏర్పడింది. చదువుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగి, మస్టరు చదివి, “నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు చేసింది ఎన్ని రోజులు?” అని అడిగారు. చివర్లో మండలంలో బహిరంగ సభ. ఆఫీసర్లు కుర్చీల్లో, వాడ జనం మైకు దగ్గర. ఆ తనిఖీల్లో లోపాలు లేవని కాదు. తేల్చిన డబ్బు తిరిగి రాబట్టడం చాలా చోట్ల నత్తనడకే. అయినా ఒక మాదిగ ఆడమనిషి మండల కేంద్రంలో మైకు పట్టుకుని ఫలానా మస్టరు అబద్ధమని చెప్పిన రోజులున్నాయి. మన చరిత్రలో అది చిన్న విషయం కాదు.

5. రెండో జాబితా ఎవరు చదివారు?

మరి పంట సాయం జాబితాకు ఇలాంటి సభ ఎన్నడైనా జరిగిందా?

ముందు ఆ సాయం లెక్క తెలుసుకుందాం. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆ పైన పోతే ఇన్‌పుట్ సబ్సిడీ వస్తుంది. 2015 వరకు ఆ గీత 50 శాతం దగ్గర ఉండేది. 2022లో సవరించిన కేంద్ర రేట్లలో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000. రెండు హెక్టార్ల పరిమితి. మన కంది చేనుకు లెక్కేస్తే ఎకరాకు సుమారు 3,400. ఈ కాస్త డబ్బు కూడా ముందు మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తేనే. ఆ ప్రకటన ఆలస్యం చేస్తూ కళ్లు మూసుకుంటున్న ప్రభుత్వాలను స్వరాజ్ అభియాన్ కేసులో 2016 మేలో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. ఆ కేసులో నిలబడ్డ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇక పేరు సంగతి. 2011లో రాష్ట్రం లైసెన్సుడ్ కౌలు సాగుదారుల చట్టం తెచ్చింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇస్తారు. పంట అప్పు, బీమా, నష్టపరిహారం దాని మీద రావాలి. ఆసామి సంతకం తప్పనిసరి చేయలేదు. మొదటి ఏడాదే 5 లక్షలకు పైగా కార్డులిచ్చారు. బ్యాంకులు అప్పివ్వడానికి మొండికేశాయి. అయినా మూడో జాబితా రాయడానికి ప్రభుత్వం చేసిన మొదటి గట్టి ప్రయత్నం అది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం, దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. అదే ఏడాది వచ్చిన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు చోటిచ్చారు. అది మంచి మాటే. కానీ చోటు దక్కాలంటే కార్డు కావాలి, కార్డు దక్కాలంటే సంతకం కావాలి. తలుపు మన పేరున పెట్టి తాళంచెవి ఆసామి చేతికిచ్చినట్టు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000లో ఆ పాటి చోటు కూడా లేదు. అది భూమి ఉన్న కుటుంబాలకే. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మన పక్కనే, దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో మొదలుపెట్టారు. కేంద్రం డబ్బు కలుపుకుని ఏడాదికి 20,000 అన్నారు. అందులో కేంద్రం వాటా 6,000 సొంత భూమి లేని కౌలు రైతుకు రాదు. పార్టీలు మారాయి, పథకం పేర్లు మారాయి, పట్టా జాబితా మాత్రం మారలేదు.

2020 తర్వాత రైతు భరోసా కేంద్రాల్లో ఈ-క్రాప్ జాబితాలు, లబ్ధిదారుల జాబితాలు గోడకు పెట్టి సామాజిక తనిఖీ అన్నారు. గోడకు పెట్టడం ముందడుగే, కాదనను. కానీ ఉపాధి తనిఖీకీ దీనికీ ఉన్న తేడా చూడండి. అక్కడ చదివి వినిపించేవాడు ఇంటికి వచ్చాడు. ఇక్కడ చదువుకునేవాడు గోడ దగ్గరకు పోవాలి. అక్కడ అన్యాయం చేసినవాడు ఆఫీసు మనిషి. ఇక్కడ గోడ మీద ఉన్న పేరు తన ఆసామిది. “ఆ చేను నేను దున్నాను, ఆ డబ్బు నాది” అని కౌలుదారు అభ్యంతరం పెడితే ఏమవుతుంది? డబ్బు వస్తుందో రాదో తెలియదు, వచ్చే ఏడు చేను మాత్రం పోతుంది. 2022 దాకా కారంచేడు ఉన్న జిల్లా ఇది. ఊళ్లో ఎదురు మాటకు ఎంత ఖరీదు కట్టాలో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

డబ్బు నేరుగా ఖాతాలో పడటం గురించి కూడా ఒక మాట. మధ్యలో తినేవాడు తగ్గాడు, నిజమే. కానీ పేరే తప్పయినప్పుడు తప్పు మనిషికి కూడా నేరుగానే చేరుతుంది. పైగా నడుమ నిలదీయడానికి ఎవరూ మిగలరు.

6. బయటి ప్రపంచంలో

ఇది మన ఒక్కళ్ల గొడవ అనుకోవద్దు. అమెరికాలో నల్లజాతి రైతులు 1997లో వ్యవసాయ శాఖ మీద దావా వేశారు. పిగ్‌ఫర్డ్ కేసు అంటారు. అప్పులు, సాయం ఎవరికివ్వాలో తేల్చేది స్థానిక కౌంటీ కమిటీలు. వాటిలో దాదాపు అందరూ తెల్ల రైతులే. వివక్ష మీద ఫిర్యాదు చేస్తే విచారించాల్సిన విభాగాన్నే 1980ల్లో మూలన పెట్టేశారు. 1999లో రాజీ తీర్పుతో పరిహారం ఒప్పుకున్నారు. వాళ్లు కోర్టులో నిరూపించాల్సి వచ్చింది వచ్చిన డబ్బు గురించి కాదు, రాని డబ్బు గురించి. ఎవరికి కాదన్నారో రాసిన జాబితా లేకపోతే ఆ పని ఎంత కష్టమో ఆలోచించండి.

మన దగ్గర 2021 జనవరిలో సమాచార హక్కు కార్యకర్త వెంకటేశ్ నాయక్ తెచ్చిన జవాబు చూడండి. 2020 జూలై నాటికి పీఎం కిసాన్ డబ్బు 1,364 కోట్లు, 20 లక్షలకు పైగా అనర్హులకు పోయిందని కేంద్రమే ఒప్పుకుంది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవారు. పట్టా ఉన్నవాడిని కాగితం చూసి నమ్మే పాత అలవాటు ఫలితమిది. కౌలు రైతుకు సంతకం పరీక్ష, పన్ను కట్టే ఆసామికి స్వయం ప్రకటన చాలు.

ఇప్పుడు కొత్త అడ్డంకి వచ్చింది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. ఆ మార్పు 2025 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో దరఖాస్తు తిప్పికొట్టే వీలు అధికారికి పెరిగింది. ఐరోపాలో కూడా ఈ గొడవ నడిచింది. రైతుల పేర్లు, వారికి వచ్చిన సాయం తేడా లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టడం చెల్లదని 2010లో అక్కడి కోర్టు చెప్పింది. వాళ్లు జాబితా మూసేసి కూర్చోలేదు. ఒక పరిమితి లోపు తీసుకున్న చిన్న రైతు పేరు దాచి, పెద్ద మొత్తం తీసుకున్నవారి పేర్లు బయటపెట్టే నియమం తెచ్చుకున్నారు. బలహీనుడికి గోప్యత, బలవంతుడికి జవాబుదారీ. మన దగ్గర తలకిందులు కాకుండా చూసుకోవడం మన పని.

7. ఏం అడగాలి, ఎలా అడగాలి

సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్ పన్నెండో అంశం చదవండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులెవరో అడగకుండానే ప్రభుత్వం ప్రకటించాలని అందులో ఉంది. దాని ఆధారంగా మన డిమాండ్లు ఇవి.

ఒకటి. పంట సాయం జాబితాలో మూడు గడులు ఉండాలి: సర్వే నంబరులో సాగు చేసినది ఎవరు, డబ్బు ఎవరికి పడింది, కాదన్నవారికి కారణం ఏమిటి. మొదటి గడి, రెండో గడి కలవని చోట అధికారి తనంతట తానే విచారించాలి. కౌలుదారు నోరు తెరిచి ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు.

రెండు. ఆ జాబితాను గోడకు అంటించి ఊరుకోకుండా గ్రామసభలో చదవాలి. ఉపాధి మస్టరు చదివినట్టు వాడలో కూడా చదవాలి. కూలీ మూడు వందల రూపాయలకు ఇంటింటి తనిఖీ ఉన్నప్పుడు, కోట్ల రూపాయల పంట సాయానికి ఎందుకు ఉండదు?

మూడు. కౌలు గుర్తింపుకు యజమాని సంతకం షరతు తీసేయాలి. పక్క చేల రైతుల మాట, గ్రామసభ తీర్మానం, పొలంలో ఉన్న పంట చాలవా సాక్ష్యానికి?

నాలుగు. అసైన్డ్ భూముల్లో చనిపోయినవారి పేర్ల మీద ఉన్న పట్టాలను వారసులకు మార్చే పని మండలం వారీగా గడువు పెట్టి పూర్తి చేయాలి.

విద్యార్థి మిత్రులకు ఒక జాగ్రత్త చెబుతాను. కౌలు రైతు పేరుతో దరఖాస్తు పెట్టించకండి. మీరు పెట్టండి, సంఘం తరఫున నలుగురు పెట్టండి. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మొదట పేర్లు అడగకండి, లెక్కలు అడగండి. “ఈ మండలంలో ఈ-క్రాప్‌లో కౌలుదారుగా నమోదైన విస్తీర్ణం ఎంత? నష్టపరిహారం పొందినవారిలో కౌలుదారులు ఎందరు, వారిలో ఎస్సీలు ఎందరు? తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, కారణాల వారీగా చెప్పండి.” వీటిలో ఎవరి వ్యక్తిగత సమాచారమూ లేదు. కాబట్టి కొత్త సెక్షన్ చూపించి తప్పించుకోలేరు. ఏ గడికైనా “సమాచారం లేదు” అని జవాబు వస్తే దాన్ని పారేయకండి. మూడో జాబితా రాయలేదని ప్రభుత్వమే సంతకం పెట్టి ఇచ్చిన సాక్ష్యం అది.

పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి, తర్లుపాడు, దొనకొండ మండలాల్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే జవాబు కాగితాలు నాకు పంపండి. పేర్లు తీసేసి, లెక్కలు పక్కపక్కన పెట్టి ఇక్కడే రాస్తాను. వచ్చే భాగంలో అసైన్డ్ భూములకు 2023లో వచ్చిన సవరణ గురించి, ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముకునే హక్కు మన వాడలకు లాభమా నష్టమా అన్నదాని గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.